మామయ్య కోసేసిన కొమ్మ

ఒసాకా
1974 జూన్ 8

చిజురూకి, మామయ్య కియోహారు ఆశీస్సులు.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. గడపలో చెప్పులకి బూజు, నా మోకాళ్ళకి నొప్పి, రెండూ కలిసే వచ్చాయి. ఐదేళ్ళుగా కొత్త సంవత్సరం కార్డు మీద నాలుగు ముక్కలు తప్ప ఏమీ రాయని మామయ్య ఇంత లావు కవరు పంపాడేమిటి, ఎవరైనా పోయారా అనుకుంటావేమో. ఎవరూ పోలేదు. పోతే నేనే పోవాలి, అదీ మీ అమ్మ చేతుల్లో.

జరిగింది చెబుతాను, నవ్వకు. నవ్వినా నాకు రాయకు.

ఊళ్ళో నీళ్ళ మీటర్లు చూస్తూ చూస్తూ ఈ మార్చిలో రిటైరయ్యాను. ఏప్రిల్లో మీ అమ్మ కినాషిలో మన పైన్ పొలం నుంచి ఓ చిన్న నల్లపైన్ మొక్కని ఓడలో పంపింది. వెదురు బుట్టలో మట్టి, మట్టిలో మూరెడు చెట్టు. వంపులు ముద్దుగా ఉన్నాయి. కానీ కింద మొదట్లోంచి ఒక కొమ్మ బయల్దేరి, చెట్టుకంటే పొడుగ్గా, ఒక పద్ధతీ పాడూ లేకుండా మా బాల్కనీ దాటి పక్కింటి వైపు పోతోంది. బుట్టకి ఒక చీటీ కట్టి ఉంది: "నీళ్ళు పొయ్యి. ఎండలో పెట్టు. ఇంకేమీ చెయ్యకు."

రెండు నెలలు ఏమీ చెయ్యలేదు. ఏమీ చెయ్యకుండా ఉండటంలో నాకున్న పేరు మీ హిసానో అత్తయ్యని అడిగితే చెబుతుంది. కానీ ఆవిడే నన్ను ఇంట్లోంచి కదిలించాలని మా పేట బోన్సాయ్ సంఘంలో చేర్పించింది. పోయిన ఆదివారం చెట్టుని చంకనెత్తుకుని వెళ్ళాను. సంఘం పెద్ద నోనాకా గారు కళ్ళజోడు పైకి తోసి, చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఈ కొమ్మేంటండీ, బట్టలారేసుకోవడానికి వదిలారా?" అన్నాడు. హాలంతా నవ్వింది. మర్యాదకి నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి కోసేశాను. ఒక్క నొక్కుకి. తడుముకోకుండా నేను చేసిన పని నా బతుకులో అదొక్కటే. మర్నాడు పొద్దున్నే అక్క ఫోను. "ఆ పొడుగు కొమ్మ ఎలా ఉందిరా?" అంది. "దివ్యంగా ఉందక్కా" అన్నాను. అప్పుడది గొడుగుల స్టాండులో ఉంది.

నీకెందుకు రాస్తున్నానంటే, పైన్ సంగతులు తెలిసినవాళ్ళలో మీ అమ్మతో మాటల్లేనిదానివి నువ్వొక్కదానివే. నా రహస్యం ఎక్కడికీ పోదు. ఇలా అనడం తప్పే, కానీ భయంలో ఉన్నవాడు తప్పొప్పులు చూసుకోడు. చెట్టు బతుకుతుందా? కొమ్మ మళ్ళీ వస్తుందా? వెంటనే రాయి.

చేతి దురదతో చెడిపోయిన
మీ మామయ్య

*

కుషిరో
జూన్ 19

మామయ్యా,

నవ్వొద్దన్నావు. నవ్వాను. పాలు పితుకుతూ గొడుగుల స్టాండు గుర్తొచ్చి నవ్వితే ఆవు తన్నింది. పైన్ చెట్లవాళ్ళింట్లో పుట్టి ఆవు తన్నులు తింటున్నదాన్ని నేను, నిన్ను వెక్కిరించే అర్హత నాకేముంది? అయినా వెక్కిరిస్తాను.

నువ్వు కోసింది బలికొమ్మ. కినాషిలో పుట్టిన మనిషికి ఇది తెలియదంటే, తాతయ్య నీ చేతిలోంచి కత్తెర లాక్కుని ఒసాకా ఓడెక్కించాడన్న కథ నిజమేనన్నమాట. లేత చెట్టు మొదలు లావెక్కాలంటే కింద ఒక కొమ్మని అదుపు లేకుండా పెరగనిస్తాం. అది ఎంత దూరం పోతే మొదలు అంత బలుస్తుంది. దాన్ని ఎవరూ తీర్చరు, తీగ చుట్టరు, చివరికి కోసేసేదేగా. కానీ ఎప్పుడు కొయ్యాలో పెంచినవాళ్ళకే తెలుస్తుంది. నువ్వు ఏళ్ళ ముందే కోశావు. ఇప్పుడా మొదలు నీ చిటికెన వేలిలాగే ఉండిపోతుంది.

చెట్టు చావదులే. కోసినచోట బంక కారుతూ ఉంటుంది, దాని మీద గాయాలకి పూసే ముద్ద పూయి. నోనాకా గారి దగ్గర ఉంటుంది, ఇంకో పరాచికం ఆడితే భరించు. ఆ గాయం కింద ఎక్కడైనా చిన్న మొగ్గ కనిపిస్తే దాన్ని తాకకు. అదే పెరిగి కొత్త బలికొమ్మ కావాలి. కత్తెర అత్తయ్యకిచ్చి దాచమను.

ఒక్క సంగతి చూసి రాయి. మొదటి వంపు దగ్గర బొటనవేలి గోరంత మచ్చ ఉందా? ఉంటే అది నా చెట్టు. నేను ఏరిన కాయలోంచి, నేను విత్తిన గింజ. మచ్చ నా పార తగిలి పడ్డది. నేను ఇల్లు వదిలి వచ్చేనాటికి దానికి మూడేళ్ళు.

మరీ భయమేస్తే ఆ ఎండుకొమ్మని తీగతో మళ్ళీ చెట్టుకి కట్టేయ్. తీగలు చుట్టడం బోన్సాయ్ వాళ్ళకి కొత్తేం కాదుగా!

ఇక్కడ, ఉత్తరాది కొసన, జూన్‌లో కూడా పొగమంచు. ఆరేసిన బట్టలు వేసినదానికంటే తడిగా తీస్తున్నాను.

చిజురు

*

ఒసాకా
జూలై 15

చిజురూ,

మచ్చ ఉంది. గోరంతే ఉంది. నీ చెట్టని తెలిశాక దాని ముందు నుంచుని తల వంచి క్షమాపణ చెప్పాను. మేడ మీద బట్టలు తీస్తున్న పక్కింటావిడ చూసింది. అప్పట్నుంచీ నన్ను మరీ మర్యాదగా పలకరిస్తోంది.

ముద్ద పూశాను. నోనాకా గారు ఇంకో పరాచికం ఆడాడు, భరించాను. వానకి తడుస్తోందని జాలిపడి చెట్టుని తెచ్చి టీవీ పక్కన పెడితే మీ అత్తయ్య, "బయట ఉండాల్సినదాన్ని లోపల పెడతావు, లోపల ఉండాల్సిన నోరు బయట పెడతావు" అని మళ్ళీ బాల్కనీలో పెట్టించింది.

అన్నట్టు అక్కని ఫోనులో అడిగాను, ఈ చెట్టు నాకెందుకిచ్చావని. "నా దగ్గరుంటే పాడవుతుందిరా. నీ దగ్గరుంటే ఏమీ కాదు" అంది. చిజురూ, నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. చిన్నప్పుడు నన్ను పొలం గట్టెక్కనివ్వని మనిషి! ఆవిడకి నా మీద ఇంత నమ్మకం ఎప్పుడు పుట్టిందో, నేను దాన్ని ఎలా నిలబెట్టుకున్నానో తలుచుకుంటే ఆ పూట అన్నం సయించలేదు. రెండో పూట తిన్నాననుకో.

కోసినచోటికి కాస్త కింద ఒక మొగ్గ వచ్చింది. బియ్యపు గింజంత. చెయ్యి వెనక్కి కట్టుకుని చూస్తున్నాను.

మీ మామయ్య

*

కుషిరో
ఆగస్టు 21

మామయ్యా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపాను. ఇది మూడోది, ఇంతకంటే మంచిగా రాదు.

"నా దగ్గరుంటే పాడవుతుంది" అంటే నమ్మకం కాదు మామయ్యా. నా మీద కోపం చెట్టు మీద తీర్చుకుంటానేమోనని అమ్మకే భయం వేసి పంపేసింది. పొలంలో నాదంటూ మిగిలింది అదొక్కటే, దాన్నీ గట్టు దాటించింది. నీకిచ్చింది నీ రిటైర్మెంటు కోసమని మురిసిపోకు. వాకిలి ఊడ్చిన చెత్త ఎటో ఒక వైపు పోవాలి కదా.

నీకు సగమే తెలుసు. నువ్వు పొలానికి పనికిరావని తాతయ్య అమ్మకి ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చాడు. నాన్న పోయాక అమ్మ నాకూ అదే చెయ్యాలనుకుంది. పక్క పొలం బెస్షో వాళ్ళ రెండో అబ్బాయిని ఇల్లరికం అడిగింది. నేనేమో పశువుల సంతకని మన షికోకు దీవికి వచ్చి దారి తప్పి మా వరండాలో మంచినీళ్ళడిగిన ఇవావోని చేసుకున్నాను. అతను పెద్దకొడుకు, ఇల్లరికం రాలేడు. అమ్మ "ఈ గట్టు దాటావా, మళ్ళీ తొక్కకు" అంది. దాటాను. ఆవిడ మాట వినని నేను ఆ ఒక్క మాటా ఐదేళ్ళుగా తప్పకుండా వింటున్నాను, చూశావా ఎంత మంచి కూతుర్నో.

ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు. పోయినేడు ఇవావోకి తెలియకుండా పెద్దది రాశాను. దానికీ లేదు. ఇంకెప్పుడూ రాయను. నా మాట అక్కడ ఎత్తకు.

మొగ్గని కదిలించకు. పేడ ఎక్కువ వెయ్యకు. నువ్వు వేస్తావు, నాకు తెలుసు.

చిజురు

*

ఒసాకా
అక్టోబరు 24

చిజురూ,

నీ ఉత్తరానికి ఏమని జవాబు రాయాలో తెలియక రెండు నెలలు ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు వచ్చిన విద్యేగా. ఇప్పుడు కొంప మునిగింది కాబట్టి రాస్తున్నాను.

మీ అమ్మ వస్తోంది! నవంబరు మూడు, సెలవురోజు, పొద్దుటి ఓడలో. "పని ఉంది, రెండు రోజులుంటాను" అంది. ఏం పనో చెప్పలేదు. పాతికేళ్ళలో ఈవిడ ఒసాకా రావడం రెండోసారి. మొదటిసారి నా పెళ్ళికి వచ్చింది, అప్పుడు కూడా చెట్లకి నీళ్ళు పొయ్యాలని భోజనాలు కాకుండానే వెళ్ళిపోయింది. ఇప్పుడు దేనికొస్తోంది? చెట్టుని చూడ్డానికే. నోనాకా గారి నోరు ఊరుకోదు, కబురు కినాషి దాకా పాకి ఉంటుంది.

అందుకని నువ్వు చెప్పిన ఉపాయం అమలు చేశాను. గొడుగుల స్టాండులోంచి కొమ్మ తీశాను. ఆకులు కాస్త ఎర్రబడ్డాయి కానీ చాలావరకు అంటుకునే ఉన్నాయి. రాగితీగ తెచ్చి చెట్టుకి చుట్టాను. మొదటిసారి కొమ్మ తలకిందులుగా నిలబడింది. రెండోసారి నా చొక్కా చెయ్యి కూడా చెట్టుకి కట్టేశాను. మీ అత్తయ్య కత్తెర తెచ్చి చొక్కా కోసి విడిపించి, "ఇంత కష్టం ఉద్యోగంలో పడితే పెద్ద ఇంజనీరు అయ్యేవాడివి" అంది. ఇప్పుడు నిలబడింది. దూరం నుంచి, సాయంత్రం పూట, కళ్ళు చికిలించి చూస్తే బతికున్నట్టే ఉంది.

ఉపాయానికి నీకు రుణపడి ఉంటాను.

మీ మామయ్య

*

కుషిరో
అక్టోబరు 31

మామయ్యా! నేను ఎగతాళికి అన్నాను! ఎండుకొమ్మని చెట్టుకి కట్టేవాడు లోకంలో ఉంటాడని నాకెలా తెలుస్తుంది?

వెంటనే తీసెయ్. పైన్ చెట్ల మధ్య పుట్టి పెరిగిన మనిషికి అది చూపిస్తే అంతకంటే అవమానం లేదు. నిజం చెప్పు. తిడుతుంది, పడు. అమ్మ తిట్టేటప్పుడు మనిషి దగ్గరగానే ఉంటుంది. ఊరుకుంటేనే భయం.

కావాలంటే నేను కొయ్యమన్నానని నా మీద పెట్టు. నాకు పోయేదేముంది.

చిజురు

*

ఒసాకా
నవంబరు 7

చిజురూకి,

మీ అమ్మ వచ్చి వెళ్ళింది. నీ "తీసెయ్" ఉత్తరం ఆవిడ ఓడెక్కిన మధ్యాహ్నం చేరింది. ఇందులో కూడా నవ్వించాలనే మొదలుపెడుతున్నాను, ఎందాకా చేతనవుతుందో చూడాలి.

రేవులో దిగి నా పక్కనుంచే వెళ్ళిపోయింది, పలకరించలేదు. కోపం అనుకున్నాను. "అక్కా" అని పిలిస్తే ఆగి, "గొంతు మారలేదురా" అంది. ఇంటికొచ్చాక గడపలో గొడుగుల స్టాండుని తన్ని పడేసింది. తెలిసిపోయింది, మహాకోపం అనుకున్నాను. ఉడోన్ సేమ్యా చేసి పెడితే ఒక్క మాట అనకుండా తింది. మన వైపు మనిషి ఒసాకా ఉడోన్‌ని తిట్టకుండా తినడం నువ్వెప్పుడైనా చూశావా? అప్పుడు నిజంగా భయం వేసింది. టీ పొయ్యబోయి కప్పు పక్కన బల్ల మీద పోసింది. హిసానో తుడుస్తూ అక్కనే చూస్తోంది. మీ అత్తయ్యకి అప్పటికే అర్థమైందట. నాకు అర్థం కావాలంటే గోడ మీద పెద్దక్షరాలతో రాయాలి.

మర్నాడు పొద్దున "చెట్టేదిరా?" అంది. బాల్కనీలోకి తీసుకెళ్ళాను. మబ్బు లేదు, మంచి ఎండ. నేను కట్టిన కొమ్మ పూర్తిగా తుప్పు రంగుకి తిరిగిపోయింది. చెప్పడానికి అబద్ధాలన్నీ వరసలో పెట్టుకుని నిలబడ్డాను. అక్క చెట్టుకేసి సూటిగా చూసింది.

"కొమ్మ పచ్చగా ఉందిరా. బాగా పెంచావు" అంది.

వెక్కిరిస్తోందనుకున్నాను. మొహం చూశాను. వెక్కిరింత లేదు. నన్ను మెచ్చుకోవడానికి ప్రయత్నిస్తోంది, అంతే. చిజురూ, గోడ మీద పెద్దక్షరాలు అప్పుడు కనిపించాయి నాకు. "అక్కా, ఎప్పట్నుంచి?" అన్నాను. ఆవిడ చెయ్యి చాపింది. వేళ్ళతో మొదలు పట్టుకుంది, నీ మచ్చ తడిమింది, అక్కడ కాసేపు ఆగింది. తర్వాత కిందికి వచ్చింది. తీగ తగిలింది. ఆకులు గలగలా రాలాయి. కొమ్మ ఊడి ఆవిడ చేతిలోకి వచ్చింది.

"ఎప్పుడు కోశావు?"

"జూన్లో."

"ఎందుకు?"

"బట్టలారేసుకోవడానికా అని నోనాకా గారు నవ్వారక్కా."

ఆవిడ అక్కడే ఆరేసిన బట్టల కింద చతికిలబడింది. తిట్లు మొదలవుతాయని నేనూ కూర్చున్నాను. తిట్టలేదు. "కళ్ళల్లో నీటికాసులట. రెండేళ్ళయింది. ఇప్పుడు నీడలే కనిపిస్తున్నాయి. పోయినేడు చలికాలంలో ఒక మంచి చెట్టుకి పక్క కొమ్మనుకుని తల కోసేశాను. ఆ తర్వాత చిజురు చెట్టు మీద కత్తెర పెట్టడానికి ధైర్యం చాల్లేదురా. ఊళ్ళో ఎవరికిద్దామన్నా ప్రతివాడి చేతిలో కత్తెరే, ఊరుకోరు. అది వచ్చేదాకా చెయ్యి పెట్టకుండా ఉంచే మనిషి కావాలి. ఏ పనీ చెయ్యని వాడెవడా అని ఆలోచిస్తే నువ్వు గుర్తొచ్చావు."

నా బతుకులో నన్ను నమ్మి అప్పగించిన పని అదొక్కటే, ఊరికే ఉండటం. అదీ చెడగొట్టాను.

ఆవిడ వచ్చింది చెట్టు కోసం కాదు, పెద్దాసుపత్రిలో కళ్ళు చూపించుకోవడానికి. మధ్యాహ్నం తీసుకెళ్ళాను. పోయిన చూపు రాదన్నారు, ఉన్నదాన్ని చుక్కలమందుతో కొన్నాళ్ళు ఆపుతామన్నారు. దారిలో నీ సంగతి నేను ఎత్తలేదు, ఆవిడే ఎత్తింది. పోయినేడు నీ ఉత్తరం వచ్చిందట. కవరు మీద రాత చూసి నీదని గుర్తుపట్టిందట, లోపలి చిన్నక్షరాలు చదవలేకపోయిందట. పోస్టాఫీసు అమ్మాయి చేత చదివించుకోవడానికి మనసొప్పలేదట. నేను చదివిపెడతానంటే, "నీ గొంతుతో వద్దురా" అంది.

నువ్వు కోపగించుకున్నదంతా తప్పు, నేను మురిసిపోయిందంతా తప్పు. వచ్చెయ్, చిజురూ.

మీ మామయ్య

*

కుషిరో
డిసెంబరు 4

మామయ్యా,

నీ ఉత్తరం పట్టుకుని ఆవులపాకలోకి వెళ్ళి ఏడ్చాను. ఆవులు పట్టించుకోలేదు. ఇవావో వచ్చి, చదివి, "ఎప్పుడు బయల్దేరుతున్నావు?" అన్నాడు. ఆ మనిషికి అన్నీ అంత తేలిక.

నేనొకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. నన్ను రమ్మందా? "అది వచ్చేదాకా" అనడం వేరు, రమ్మనడం వేరు. పిలవకుండా వెళ్తే, గుడ్డిదైందని తెలిసి జాలిపడి వచ్చింది అనుకుంటుంది. గట్టు మీదే నిలబెట్టి వెనక్కి పంపుతుంది. జాలితో కాదని నేను మాత్రం గట్టిగా చెప్పగలనా? రాత్రిళ్ళు పడుకుని నన్ను నేనే అడుగుతున్నాను. ఐదేళ్ళలో ఎందుకు వెళ్ళలేదో దానికీ సరైన జవాబు దొరకడం లేదు. పొగరు తప్ప ఇంకేం లేదు లోపల. అది కూడా ఆవిడ దగ్గర నుంచి వచ్చిందే.

రమ్మంటే వస్తాను.

చిజురు

*

ఒసాకా
1975 జనవరి 13

చిజురూ,

అనలేదు. కొత్త సంవత్సరానికి నేనూ హిసానో కినాషి వెళ్ళి నాలుగు రోజులున్నాం. రమ్మని ఆవిడ నోటి వెంట ఒక్కసారి కూడా రాలేదు. రాదు. నువ్వు కాచుకున్న ఆ మాట ఆవిడ దగ్గర లేదు, ఎప్పుడూ లేదు. మా నాన్న పోయినప్పుడు కూడా నాకు తంతిలో "చలిగా ఉంది, మందపు కోటు తెచ్చుకో" అనే ఇచ్చింది. నేను కోటు వేసుకుని సరదాగా దిగాను, దిగితే శవం.

అక్కడి సంగతి చెబుతాను. వరసల మధ్య పీపా మీద కూర్చుని పాత ఆకులు చేత్తో తడుముతూ పీకుతోంది. ఆకులు పీకడం చెయ్యి చేస్తుంది, జూన్‌లో కొత్త చిగుళ్ళు కొయ్యడం చెయ్యి ఒక్కటే చెయ్యలేదు. ఆ చిగుళ్ళు కొయ్యకపోతే ఆకులు బారెడు పెరిగి, అన్నేళ్ళుగా తీర్చిన ఆకారం పోతుంది. బెస్షో వాళ్ళు పొలం మొత్తం తీసుకుంటామంటున్నారు. "జూన్ చూసి చెబుతాను" అందట వాళ్ళతో. జూన్లో ఏం చూస్తుంది? ఏమీ చూడదు. ఎవరైనా వస్తారేమో అని చూస్తుంది.

"నేను కోస్తానక్కా" అన్నాను. నా వైపు తిరిగి, ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి పడీ పడీ నవ్వింది. "నువ్వు కోసింది చాల్లేరా" అంది. దండయాత్రకి వెళ్ళి అక్కని నవ్వించి వచ్చాను, నా వంతు అదే.

నీకు ఏం చెయ్యాలో చెప్పే యోగ్యత నాకు లేదు. పనికిరానివాణ్ణని నన్ను పొలం నుంచి పంపేస్తే, ఆ బరువంతా ఆవిడ మీద పడింది. అది ఎత్తిన మనిషి ఇప్పుడు చీకట్లో కూర్చుని ఎవరి అడుగుల చప్పుడో వింటోంది. పిలుపు కోసం ఆగితే ఇద్దరూ ఆగిపోతారు. నాకు చాలా దిగులుగా ఉంది చిజురూ.

మొగ్గ బెత్తెడు పెరిగింది. ముట్టుకోలేదు, ఒట్టు.

మీ మామయ్య

*

కినాషి
1975 జూన్ 17

మామయ్యా,

ఉత్తరం మీద ఊరి పేరు చూసి కుర్చీలోంచి లేస్తావు, కూర్చో.

ఐదు నెలలు నీకు జవాబు రాయలేదు. రాస్తే వస్తానని రాయాలి, రాసి రాకపోతే నీ మొహం ఎలా చూడను? మొన్న పొద్దున ఇవావో నన్ను రైలెక్కించాడన్నది అబద్ధం, దాదాపు నెట్టాడు. వారంలో వచ్చేస్తానని తిరుగు టికెట్టు కూడా కొనుక్కున్నాను, నా ధైర్యం అంత.

ఈ పొద్దున తకమత్సు రేవులో దిగి బస్సు పట్టుకుని గట్టు దాకా వచ్చాను. అమ్మ దూరంగా పీపా మీద కూర్చుని ఉంది. బాగా చిన్నదైపోయింది మామయ్యా. మొత్తం దారంతా రైల్లో కూర్చుని ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను, ఒక్క ముక్క గుర్తు లేదు. ఏం చెయ్యాలో తోచక షెడ్డులోకి వెళ్ళి కత్తెర తీసుకుని, ఆవిడకి ఎడంగా, రెండో వరస చివర కూర్చుని చిగుళ్ళు కొయ్యడం మొదలుపెట్టాను. ఎవరైనా చూస్తే దొంగ అనుకునేవాళ్ళు. చెట్లకి మేలు చేసే దొంగ.

కాసేపు గడిచింది. అమ్మ చేతులు ఆగాయి.

"ఎవరది?" అంది.

నేను కోస్తూనే ఉన్నాను.

"కియోహారు అయితే ఇంతసేపు పని చెయ్యడు" అంది తనలో తనే. మళ్ళీ చెవి ఒగ్గి వింది. తర్వాత గొంతు పెంచింది. "లావు చిగుళ్ళు కోస్తున్నావు, టక్కు టక్కుమని వినిపిస్తోంది. ముందు బలహీనమైనవి కొయ్యాలి, వాటికి సమయం ఇవ్వాలి, బలమైనవాటిని తర్వాత కొయ్యాలి, అప్పుడే అన్నీ సమంగా వస్తాయని నీకెన్నిసార్లు చెప్పానే! పదేళ్ళప్పుడూ ఇదే తొందర, ఇప్పుడూ ఇదే తొందర!"

మామయ్యా, ఆవిడకి నా మొహం కనిపించదు. ఐదారేళ్ళుగా నా గొంతు వినలేదు. నా తప్పు విని నన్ను గుర్తుపట్టింది.

లేచి వెళ్ళి ఆవిడ ముందు మట్టిలో కూర్చున్నాను. "తప్పయింది" అన్నాను. చిగుళ్ళ గురించేనని అనుకోవచ్చు, ఇంకా దేని గురించైనా అనుకోవచ్చు. అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, జుట్టు తడిమి, చెవులు తడిమి, "పొట్టిగా కత్తిరించుకున్నావు, ఆవుల వాసన వస్తున్నావు" అంది. ఇద్దరం ఏడ్చాం. ఎక్కువసేపేం కాదు, మా ఇద్దరికీ అలవాటు లేదు. నేను రాసిన ఆ పెద్ద ఉత్తరం లోపలి జేబులోంచి తీసి నా చేతిలో పెట్టింది. చదివి వినిపించాను. కొన్నిచోట్ల నా రాత నాకే సిగ్గేసింది, వదిలేసి చదివాను. "వదిలేసినవి కూడా చదువు" అంది. ఎలా తెలిసిందో.

మధ్యాహ్నం బలహీనమైన చిగుళ్ళు మూడు వరసలు కోశాను. అమ్మ వెనకాలే పీపా జరుపుకుంటూ వచ్చింది, ప్రతి చెట్టూ నేను వదిలాక తడిమి చూసింది, ప్రతి చెట్టుకీ ఏదో ఒకటి అంది. బెస్షో వాళ్ళ ఊసు నేను ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. సాయంత్రం నీళ్ళు పోసేటప్పుడు, మొహం అటు తిప్పుకుని అడిగింది:

"బలమైనవి ఇంకో వారం పది రోజులాగి కొయ్యాలి. అప్పటికి ఇక్కడ ఎవరుంటారు?"

నువ్వు చెప్పింది నిజం మామయ్యా, రమ్మన్న మాట ఆవిడ దగ్గర లేదు. ఉన్న మాట ఇదే.

"నేనుంటాను" అన్నాను.

అమ్మ తల ఊపింది. చెంబులో మిగిలిన నీళ్ళు తన కాళ్ళ మీద పోసుకుంటూ, "అయితే అన్నం ఎక్కువ వండు" అంది.

ఇవావోకి ఇంకో కార్డు రాయాలి, ఉంటాను.

చిజురు